షికాగోకి ఎన్ని గంటలు?



హైదరాబాద్ నుంచి షికాగో ఎంత దూరమని అడిగితే మనవాళ్ళు కిలోమీటర్లు చెప్పరు, గంటలు చెబుతారు. ఒకరు పదహారు అంటారు, ఇంకొకరు ఇరవై నాలుగు అంటారు. మా అమ్మగారు చేరేసరికి ముప్ఫై దాటిందని మరొకరు అంటారు. వీళ్ళలో ఎవరి లెక్కా తప్పు కాదు. ఊళ్ళు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్య దూరం ఒక్క అడుగు కూడా మారలేదు. అయినా గంటలు ఇంతలా మారిపోతున్నాయి. ఎందుకో తెలిస్తే టికెట్ కొనేటప్పుడు పనికొస్తుంది. ముఖ్యంగా ఆ టికెట్ మీద ప్రయాణం చేసేది డెబ్భై ఏళ్ళ తల్లో తండ్రో అయినప్పుడు బాగా పనికొస్తుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. మీ ఇంట్లో పిల్లలు చదువుకునే గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొసని హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపట్టండి. రెండో కొసని షికాగో దగ్గరికి తెచ్చి, వదులు లేకుండా బిగించి లాగండి. దారం అరేబియా మీదుగా, ఆఫ్రికా మీదుగా వెళ్తుందని మనం అనుకుంటాం. అది అక్కడ నిలవదు. జారుతూ జారుతూ ఉత్తరానికి వెళ్ళిపోతుంది. వేలు పెట్టి దాని వెంట నడవండి. హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి పోయి, పంజాబ్ దాటి, గిల్గిత్ కొండల మీదుగా పామీర్ పీఠభూమి ఎక్కుతుంది. అక్కడి నుంచి కజకిస్తాన్ మైదానాలు, రష్యాలో ఉరల్ పర్వతాలు, ఆ పైన బారెంట్స్ సముద్రం. తర్వాత నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. అక్కడికి వచ్చేసరికి మనం ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉంటాం. అటుపైన గ్రీన్‌లాండ్ మంచు మీదుగా దిగి, కెనడాలో బాఫిన్ దీవి అంచు, హడ్సన్ అఖాతం దాటి షికాగోకి చేరుతుంది. హైదరాబాద్‌లో ఎక్కిన మనిషి అమెరికా వెళ్ళడానికి ఇంచుమించు భూమి నెత్తి మీదుగా వెళ్ళాలన్నమాట.

దీనికి కారణం ఉంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. షికాగో సుమారు 88 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 166. అదే 180 అయితే రెండు ఊళ్ళూ భూమికి సరిగ్గా చెరో పక్కన ఉన్నట్టు, దారం ఉత్తర ధ్రువం మీదుగానే పోయేది. 14 డిగ్రీలు తక్కువ కాబట్టి ధ్రువానికి కాస్త పక్కగా వెళ్తుంది. ఆ దారం పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దూరం 20,000 మించదు. మన దారి అందులో మూడింట రెండు వంతులు.

గోడకి తగిలించే పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత ఈ దారి చూపించదు. ఆ గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. చూడటానికి అదే అడ్డదారిలా ఉంటుంది. కానీ ఎప్పుడూ ఒకే దిక్కు పట్టుకుని ఆ గీత వెంట ఎగిరితే సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అంటే 2,800 కిలోమీటర్లు ఎక్కువ, మూడు గంటల ఆలస్యం. అలాంటి పటాన్ని మెర్కేటర్ 1569లో ఓడ నడిపేవాళ్ళ కోసం తయారు చేశాడు. దిక్సూచి చూసుకుని పోయేవాళ్ళకి అది ఎంతో ఉపకారం చేసింది. దూరం కొలవడానికి మాత్రం గ్లోబే సరైనది. పిల్లలకి ఈ దారం పని ఒక్కసారి చేయించండి. భూమి గుండ్రంగా ఉందన్న పాఠం వాళ్ళ వేళ్ళకే తెలిసిపోతుంది.

ఇక గంటలు. పెద్ద విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 13,300 కిలోమీటర్లకి పదిహేను గంటలు కావాలి. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా నడవడం కలుపుకుంటే పదహారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి ఎక్కడా ఆగని విమానం నడిపింది. మన ఊరి నుంచి అమెరికాకి ఒకే బిగిన వెళ్ళడం అదే మొదలు. అది కొంతకాలమే సాగింది. ఎందుకు ఆగాల్సి వచ్చిందో ఒక్క ముక్కలో చెప్పలేం కానీ, ఇలాంటి దారులు నిలవడం ఎందుకు కష్టమో చెప్పవచ్చు.

మొదటిది గాలి. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దూరానికీ కాలానికీ పొత్తు తెగిపోయేది ఇక్కడే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా విమానం 2015 డిసెంబరులో మొదలైంది. మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి వెళ్ళేది, సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ వైపు తిప్పారు. దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగింది. ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది! పధ్నాలుగున్నర గంటల్లో చేరింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, ముందుగా చేరడమన్నమాట.

భూమి తిరగడం వల్ల విమానానికి ఊళ్ళు ఎదురొస్తాయని కొందరు అనుకుంటారు. అలా జరగదు. భూమితోపాటు గాలి తిరుగుతుంది, గాలితోపాటు విమానమూ తిరుగుతుంది. అసలు పని చేసేది ఆకాశంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి పరిగెత్తే గాలి ప్రవాహం. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువం దగ్గర చలి. ఆ తేడా వల్ల వేడిగాలి ధ్రువాల వైపు బయలుదేరుతుంది. భూభ్రమణం దాన్ని తూర్పుకి మళ్ళిస్తుంది. చలికాలంలో ఆ వేగం గంటకి 200 కిలోమీటర్లు సులువుగా దాటుతుంది, ఒక్కోసారి 400 దాకా పోతుంది. వెనక నుంచి అంత గాలి తోస్తే 900 వేగం 1,100 అవుతుంది. ఎదురైతే 700కి పడిపోతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా అది ఆరు, ఏడు గంటల ప్రయాణం.

ఈ గాలిని తొలిసారి జాగ్రత్తగా కొలిచినవాడు వసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో బెలూన్లు ఎగరేసి, అవి ఎంత దూరం కొట్టుకుపోతున్నాయో దుర్భిణితో చూస్తూ లెక్కలు రాసుకున్నాడు. తన పని ప్రపంచమంతా చదవాలని ఎస్పెరాంతో భాషలో ప్రచురించాడు. ఆ భాష చదివేవాళ్ళు తక్కువ కావడంతో ఆ పని జపాన్ బయట ఎవరికీ పట్టలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బాంబర్లు, ఎదురుగాలికి ముందుకు కదలలేక తికమకపడినప్పుడు గానీ ఆ గాలి ఎంతటిదో అమెరికన్లకి అనుభవంలోకి రాలేదు. ఓపిగ్గా చేసిన అంత మంచి పనికి రావలసిన పేరు అప్పట్లో రాలేదని తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

గాలి తర్వాత దేశాల సరిహద్దులు. ఇందాకటి దారం మళ్ళీ చూడండి. అది పాకిస్తాన్ మీదుగా, రష్యా మీదుగా పోతోంది. 2019లో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ ఫిబ్రవరి నుంచి జులై దాకా తన ఆకాశాన్ని మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత మన విమానాలకి మళ్ళీ మూసింది. అప్పుడు అమెరికా వెళ్ళే విమానాలు కొన్ని చుట్టు తిరిగి, మధ్యలో ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కంపెనీలకి రష్యా ఆకాశం మూతపడింది. దాని దెబ్బ ఎంతో తెలియాలంటే ఫిన్‌లాండ్ వైపు చూడాలి. హెల్సింకి నుంచి టోక్యోకి ఫిన్‌ఎయిర్ విమానం అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో పోయేది. రష్యా దారి మూసుకుపోయాక అదే ప్రయాణం పదమూడు గంటలైంది. కొన్నిసార్లు ఉత్తర ధ్రువం మీదుగానే వెళ్ళాల్సి వచ్చింది. రెండు నగరాల మధ్య కాలాన్ని ఎక్కడో జరిగే యుద్ధం నిర్ణయిస్తుందని ఇంత నేరుగా కనబడే చోటు ఇంకొకటి లేదు.

దారి తెరిచి ఉన్నా మనుషులు లేని చోట ఎగరడం తేలిక కాదు. అక్కడ విమానం బయటి చలి ఒక్కోసారి మైనస్ 60 డిగ్రీలు దాటుతుంది. జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందుకని పైలట్లు ట్యాంకులో ఇంధనం ఎంత చల్లబడిందో కనిపెట్టుకుంటూ ఉంటారు, మరీ చల్లబడితే కిందికి దిగి కాస్త వెచ్చటి గాలిలోకి వస్తారు. ధ్రువం దగ్గరయ్యేకొద్దీ అయస్కాంత దిక్సూచి నమ్మదగినది కాదు. ఇంజను మొరాయిస్తే దిగడానికి ఊరు దొరకాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఒక ఇంజనులో లోపం కనబడి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. పైలట్లు విమానాన్ని క్షేమంగా దించారు. అక్కడ భాష తెలియదు, అలవాటైన తిండి దొరకదు. చిన్న ఊరు కావడంతో చాలామంది తాత్కాలిక వసతుల్లో పడుకున్నారు. ఇంకో విమానం వచ్చి 8వ తేదీన వాళ్ళని తీసుకెళ్ళింది. పధ్నాలుగు, పదిహేను గంటల ప్రయాణం అలా రెండు రోజులు దాటింది. అందరూ ప్రాణాలతో చేరారు, అది పెద్ద మాట.

ఇంధనం బరువు మరో సమస్య. షికాగో దారిలో తిరిగిన బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ ట్యాంకుల్లో సుమారు 1,81,000 లీటర్లు పడుతుంది, అంటే 145 టన్నులు. ఆ విమానం ఎగరగలిగే మొత్తం బరువే 347 టన్నులు. అందులో అంత భాగం ఇంధనమే అయితే, మొదటి కొన్ని గంటలు ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం కాలుతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నూవర్క్‌కి ఆగకుండా పోయే విమానం 15,300 కిలోమీటర్లకి పైగా తిరుగుతుంది. నాలుగు ఇంజన్ల విమానంతో ఖర్చు తట్టుకోలేక 2013లో దాన్ని ఆపేశారు. రెండు ఇంజన్ల కొత్త ఎయిర్‌బస్ ఎ350 వచ్చాక 2018 అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టారు. పద్ధెనిమిదిన్నర గంటలకి పైగా పట్టే ఆ ప్రయాణం ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగైన వాటిలో ఒకటి.

అందువల్ల మనలో ఎక్కువమంది మధ్యలో ఒకచోట ఆగి వెళ్తారు. దుబాయ్ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి షికాగో సుమారు 11,650. రెండూ కలిపితే 14,200. నేరు దారి కన్నా పెరిగింది 900 కిలోమీటర్లే. అంటే ఒక గంట ఎగిరే పని. కానీ టికెట్ మీద ప్రయాణం ఐదారు గంటలు, ఒక్కోసారి పది గంటలు పెరుగుతుంది. దిగడానికి, గేటు దొరికేదాకా విమానంలోనే ఆగడానికి, మళ్ళీ చెకింగ్‌కి, రెండో విమానం కోసం ఎదురుచూపుకి, మళ్ళీ ఎక్కడానికి పోయిన గంటలవి. దూరం తినని కాలాన్ని ఆగడం తినేస్తుంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

దీనికి ఇంటి నుంచి విమానాశ్రయం దాకా పట్టే టైము కలపండి. గుంటూరు నుంచో ఖమ్మం నుంచో శంషాబాద్ రావాలంటే రోడ్డు మీదే నాలుగైదు గంటలు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటలు ముందు చేరాలి. షికాగోలో దిగాక ఇమిగ్రేషన్ వరసలో గంట, ఒక్కోసారి రెండు. అమ్మగారు చేరేసరికి ముప్ఫై గంటలు దాటిందని మొదట్లో ఒకరు చెప్పిన మాట అక్కడ పుట్టింది.

గల్ఫ్ విమానాశ్రయాల్లో తెల్లవారుజామున వీల్‌చైర్ల వరస చూసినవాళ్ళు మన తల్లిదండ్రులని ఇట్టే గుర్తుపడతారు. నేతచీర మీద స్వెట్టరు, చెప్పుల్లో సాక్సులు, ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. ఫోల్డరులో పాస్‌పోర్టు, టికెట్, కొడుకు ఇంటి అడ్రసు, ఇంగ్లీషులో రాసిచ్చిన నాలుగు వాక్యాలు. వాళ్ళలో చాలామంది ఇంట్లో చకచకా నడిచేవాళ్ళే. మోకాళ్ళ నొప్పికి కాదు, దారి తప్పుతామన్న భయానికి వీల్‌చైర్ పెట్టిస్తారు. తోసే మనిషి తీసుకెళ్ళి సరైన గేటు దగ్గర దింపుతాడని ఆ ధైర్యం. ఆ ఏర్పాటు అవసరం లేనివాళ్ళు వాడుకుంటున్నారని కొందరు విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. భాష రాని చోట, అర్ధరాత్రి, మైళ్ళ పొడవున్న టెర్మినల్‌లో, డెబ్భై ఏళ్ళ మనిషి ఒంటరిగా ఉంటే అవసరం లేదని ఎలా అంటాం? మన ఊళ్ళ నుంచి ఆగని విమానం కావాలని నేను కోరేది ఐదారు గంటలు మిగులుతాయని కాదు. ఆ మధ్యలో దిగే భయం తప్పుతుందని.

గడియారం లెక్క కూడా చెప్పుకుందాం, పెద్దవాళ్ళు బాగా తికమకపడేది అక్కడే. చలికాలంలో షికాగో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు. ఆగని విమానం జనవరిలో రాత్రి 1 గంటకి ఇక్కడ బయలుదేరి పదహారు గంటలు ఎగిరితే, అక్కడ అదే తేదీ తెల్లవారుజామున 5:30కి దిగుతుంది. చూడటానికి నాలుగున్నర గంటలే. వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. రాత్రి 9కి అక్కడ ఎక్కి పదిహేను గంటలు ఎగిరితే ఇక్కడ మర్నాడు రాత్రి 11:30. 2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటలు ఎగిరి సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే నడిపిన విమానమది. అందులో ఉన్నవాళ్ళ ఆదివారమంతా గాలిలోనే గడిచింది. ప్రయాణం నిజంగా ఎన్ని గంటలో తెలియాలంటే రెండు టైములూ మన టైములోకి మార్చి తీసివేయాలి, అంతే.

శరీరానికి ఈ లెక్క అంత తేలిగ్గా ఎక్కదు. అది రోజుకి సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. పదకొండు గంటల తేడాకి వారం, పది రోజులు పట్టడం మామూలే. పడమటికి వెళ్ళినప్పటికన్నా తూర్పుకి తిరిగి వచ్చినప్పుడే ఎక్కువ కష్టం. వెళ్ళిన మొదటివారం అమ్మ రాత్రి రెండింటికి లేచి వంటింట్లో తిరుగుతుంటే కంగారుపడకండి. పొద్దున వెలుతురులో కాసేపు నడిపించండి. విమానంలోనూ జాగ్రత్తలున్నాయి. లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు, అంటే ఇంచుమించు ఊటీలో ఉన్నంత పలచగా ఉంటుంది, పైగా బాగా పొడిగా ఉంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేసే అలవాటు మన ఆడవాళ్ళకి ఎక్కువ. అది మానిపించండి. అందుకు నడవ పక్క సీటు తీసుకుంటే సగం పని అవుతుంది.

కాబట్టి టికెట్ కొనే అబ్బాయిలకీ అమ్మాయిలకీ నా విన్నపం ఇది. పదివేలు తగ్గిందని రెండుచోట్ల ఆగే టికెట్ కొనకండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, ఇంకో దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీదే అవుతుంది. మధ్యలో గంటన్నరే ఉంటే పెద్దవాళ్ళకి పరుగు, ఎనిమిది గంటలుంటే నరకం. మూడు, నాలుగు గంటలుండేలా చూడండి. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, విమానాశ్రయంలో అడుగుదాంలే అనుకోవద్దు. ఇన్సులిన్, బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళకి ముందే డాక్టరు దగ్గర కూర్చుని, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో మన టైములో ఒకసారి, అక్కడి టైములో ఒకసారి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. మందులు పెద్దపెట్టెలో వేయకండి, పెట్టె ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. మందులూ ఆ కాగితమూ చేతిసంచిలోనే ఉండాలి.